తలకి కట్టిన బరువులు

నవంబరులో ఆ పోస్టుకి చేరాను. కొండ కొమ్ము మీద మూడు రేకుల బంకర్లు, ఒక జనరేటర్, గుండ్రంగా సున్నం గీసిన హెలిప్యాడ్. ఎత్తు పదమూడు వేల అడుగుల పైన. చెట్టు లేదు. మట్టి కనపడదు. రాయి, మంచు, గాలి. బండి దిగి నాలుగడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. బంకరు గుమ్మంలో నిలబడ్డ సుబేదార్ సాబ్ నా మొహం చూసి, "మూడు రోజులు పడుకో. పరిగెత్తకు. స్నానం చెయ్యకు. ఆ తర్వాత బండి తాళాలిస్తాను," అన్నాడు.

నేను డ్రైవర్ని. పని ఒకటే. కింద బేస్ నుంచి కిరసనాయిలు, పిండి, బియ్యం, బ్యాటరీలు పైకి తేవాలి. పొద్దున్న ఆరింటికి బయల్దేరాలని ఆర్డరు. పదకొండు లోపల పైకి చేరిపోవాలి. ఆ తర్వాత ఎండకి మంచు వదులై రాళ్ళు దొర్లుతాయి. టైర్లకి గొలుసులు. సీటు కింద పార, తాడు, ఇసుక సంచి. పక్కన కో-డ్రైవర్, గఢ్వాల్ మనిషి, మాట తక్కువ.

మా ఇల్లు భిలాయి సెక్టర్ 7. నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని. నేను క్వార్టర్లోనే పుట్టాను. మే నెల ఎండలో పెరిగినవాణ్ణి. మీసం మీద ఊపిరి గడ్డ కడుతుందని ఆ పోస్టులోనే తెలిసింది.

జనవరిలో వరుసగా మంచు పడింది. రోడ్డు మూతపడి నేనూ కో-డ్రైవరూ కింద బేస్‌లో ఉండిపోయాం. తెరిచిన రోజు పొద్దున్న పై నుంచి రేడియోలో కబురు. "బుఖారీలకి నూనె అయిపోయింది. ఈ రోజే రావాలి. ఓవర్." బుఖారీ అంటే బంకర్లో వెలిగించే పొయ్యి. అది ఆరితే మనుషులు గడ్డకట్టుకుపోతారు. మంచు తోసే యంత్రం దారిచ్చేసరికి తొమ్మిదయింది. ఆరింటి ఆర్డరు తొమ్మిదికి. పదకొండు లోపల చేరడం కుదరదు. కో-డ్రైవర్ నా వైపు చూశాడు. గొలుసులు ఇంకోసారి బిగించాడు.

పై నుంచి మూడో మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక ఊట పారుతుంది. అది గడ్డ కట్టింది. దాని మీద కొత్త మంచు. గొలుసులు పట్టలేదు. బండి వెనక్కి జారింది. వేగంగా కాదు, మెల్లగా. ఆ మెల్లదనమే భయంకరం. బ్రేకు తొక్కుతున్నాను, స్టీరింగు తిప్పుతున్నాను, బండి మాత్రం తన పని తాను చేసుకుంటోంది. వెనక చక్రాలు అంచు దాటాయి. ఆకాశం కనిపించింది. తర్వాత క్యాబిన్ కప్పుకి నా తల కొట్టుకుంది.

కింద ఒక బండరాయి అడ్డుపడి మమ్మల్ని ఆపింది. నిశ్శబ్దం. కిరసనాయిలు వాసన. నాకు నొప్పి లేదు. ఎదురుగా స్టీరింగు మీద రెండు చేతులు కనిపిస్తున్నాయి. నావే. వేళ్ళు తియ్యమని చెప్పాను. అవి వినలేదు.

కో-డ్రైవర్ మోచెయ్యి విరిగింది. అయినా నన్ను బయటికి లాగడానికి భుజాల కింద చెయ్యి పెట్టబోయాడు. నూనె కారుతోంది, ఎక్కడ నిప్పు రాజుకుంటుందోనని అతని తొందర. లాగే ముందు రేడియో నొక్కాడు. పోస్టు నుంచి నర్సింగ్ హవల్దార్ గొంతు వచ్చింది.

"స్పృహ ఉందా?"

"ఉంది. చేతులు కదలట్లేదంటున్నాడు."

"తియ్యొద్దు! మెడ కదపొద్దు! వెనక నుంచి తల పట్టుకుని అలాగే ఉండు. మేం దిగుతున్నాం. ఓవర్."

అతను సీటు వెనక మోకాళ్ళ మీద కూర్చుని నా తల పట్టుకున్నాడు, ఒక మంచి చెయ్యి, ఒక విరిగిన చెయ్యి. కిందెక్కడో నూనె చుక్కలు చుక్కలుగా రాయి మీద పడుతున్న చప్పుడు. అతను దేవుడి పేరు గొణుగుతున్నాడు. పారిపోతాడేమో అనుకున్నాను. పారిపోలేదు.

నర్సింగ్ హవల్దార్ ఒక చెక్కపలక, కంబళ్ళు, నలుగురు మనుషులతో దిగాడు. నన్ను పలక మీదికి చేర్చాక నా తల తన చేతుల్లోకి తీసుకున్నాడు. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి. మెల్లగా పైకి లాగి పట్టాడు. "లాగుతున్నాను. భయపడకు. ప్రస్తుతానికి నీకు ఇదే మందు," అన్నాడు. మబ్బు వల్ల హెలికాప్టర్ రాలేదు. అంబులెన్సులో కొండ దిగినంత సేపూ, ప్రతి గుంతలోనూ, అతను ఆ పట్టు వదల్లేదు. అతని ఊపిరి నా నుదుటి మీద తగిలేది. మెడని లాగి పట్టడమనే వైద్యం నాకు మొదట తెలిసింది ఆ చేతుల్లోనే.

కింద పెద్ద ఆసుపత్రి. ఎక్స్‌రే తీశారు. మెడలో ఒక ఎముక పక్కదాని మీదికి ఎక్కి ఇరుక్కుంది. లోపలి నరాల తాడు నలుగుతోంది. వైద్యుడు మేజర్, సన్నటి మనిషి. నా పాదం మీద సూదితో గీశాడు. "తెలుస్తోందా?" దూరంగా, బూటు మీంచి గీసినట్టు తెలిసింది. "తెలిసింది కదా. అయితే ఆలస్యం చెయ్యొద్దు," అని అక్కడున్న వాళ్ళతో అన్నాడు.

ప్లాంటులో ఎర్రగా కాలిన ఇనుప దిమ్మని క్రేను పట్టుకునే పటకారు ఉంటుంది. చిన్నప్పుడు నాన్న బొమ్మ గీసి చూపించాడు. మేజర్ చేతిలో ఉన్నది దానికి చిన్న తమ్ముడు. ఇనుప విల్లు, రెండు కొసలకీ మొనదేలిన మరలు. చెవుల పైన జుట్టు గొరిగారు. తిమ్మిరి సూది వేశారు. రెండు పక్కలా మరలు బిగించారు. తిమ్మిరి నొప్పినే ఆపుతుంది, చప్పుడుని ఆపదు. ఎముకని మర కొరుకుతున్న చప్పుడు తల లోపల నుంచి వింటాం. నేను "అమ్మా" అని అరిచాను.

విల్లుకి తాడు కట్టారు. తాడు మంచం తలవైపు ఉన్న కప్పీ మీంచి దిగింది. దానికి ఇనుప బిళ్ళలు వేలాడదీశారు. ఒళ్ళు తాడుతో పాటు జారిపోకుండా మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తారు. ఒక బిళ్ళ వేయడం, ఆగడం, ఎక్స్‌రే. "బొటనవేలు కదుపు. ఊపిరి తీసుకో. కాళ్ళు తెలుస్తున్నాయా?" ఇంకో బిళ్ళ. తల ఒంటి నుంచి ఊడి వచ్చేస్తుందనిపించింది. "ఇంకా ఎన్ని సాబ్?" అన్నాను. "ఎముక చెప్పాలి," అన్నాడు. ప్రతి బిళ్ళకీ, ఇదే నన్ను చంపేది అనుకున్నాను. దవడలు బిగిసిపోయి పళ్ళు నొప్పెట్టాయి. చివరికి మెడ లోపల టక్ మంది. అందరూ ఆగిపోయారు. మేజర్ కొత్త ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు. వెంటనే కొన్ని బిళ్ళలు తీసేయించాడు. కాసేపటికి నా కుడి బొటనవేలులో చీమలు పాకాయి. ఏడ్చాను.

ఎముక అతికే దాకా ఆరు వారాలు ఆ తాడుకి కట్టుబడి ఉండాలన్నారు. తల తిప్పకూడదు. చూడ్డానికి ఉన్నది పైకప్పు మాత్రమే. దాని మీద ఒక ఫ్యాను, తేమ మరక.

మర్నాడు ఎడమ పక్కన ఒక గొంతు. లావుపాటి, బొంగురు గొంతు.

"ఏటి తమ్ముడూ, తెలుగోడివా?"

"అవును. మీకెలా తెలిసింది?"

"నిన్న అమ్మా అని అరిసినావు గదా. మనోడే అనుకున్నాను. మాది ఇజీనారం పక్క. గన్నర్ని. గుండ్లు మోస్తా లోయలో పడిపోనాను."

అతనికీ నా లాగే తలకి పటకారు, తాడు, బిళ్ళలు. నాకన్నా రెండు వారాల ముందు వచ్చాడు. ఇద్దరం తల తిప్పలేం. మా మంచాల మధ్య చెయ్యి పట్టేంత దూరం. అయినా ఒకరినొకరు చూడలేదు. ఆ గొంతుకి తగ్గట్టు నేనొక మనిషిని కట్టుకున్నాను. బుర్ర మీసం, వెడల్పాటి ఛాతీ, నలభై ఏళ్ళు.

అతను నన్ను రోజూ పొద్దున్న అడిగేవాడు. "ఈయాల ఏటి కదిలింది?" నాకు మొదట వేళ్ళు, తర్వాత మణికట్టు, తర్వాత చీలమండ. చెప్పినప్పుడల్లా "శభాష్" అనేవాడు. "మీకో అన్నా?" అని నేనడిగితే, "నాకు నోరుంది గదా, అది కదుల్తంది," అనేవాడు. ఒకరోజు మాత్రం గొంతు తగ్గించి, "తమ్ముడూ, ఎడం కాలి బొటనేలు దగ్గర ఏదో గోకినట్టుంది. ఎవులికీ సెప్పకు. నిజమో కాదో సూద్దారి," అన్నాడు. ఆ రోజంతా నేను పైకప్పు వైపు చూస్తూ ఆ బొటనవేలు కోసమే మొక్కుకున్నాను.

ఒక మధ్యాహ్నం మేజర్ రౌండుకి వచ్చినప్పుడు కోపంగా అడిగాను. "ఇది ఎవరు కనిపెట్టారు సాబ్?" ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపం వెనక భయం ఆయనకి కనిపించి ఉంటుంది.

"ఒక్కడు కాదు. రెండు వేల ఏళ్ళ పైమాట. గ్రీకు దేశంలో వెన్ను వంగిన మనిషిని నిచ్చెనకి కట్టి, ఆ నిచ్చెనని ఎత్తి కుదిపేవారు. ఇంకొన్నిచోట్ల బల్ల మీద పడుకోబెట్టి రెండు వైపులా తాళ్ళతో లాగేవారు. కొందరు బాగుపడ్డారు. కొందరు ఆ తాళ్ళ మీదే పోయారు."

"తర్వాత?"

"తర్వాత తోలు పట్టీ. గడ్డం కింద ఒకటి, తల వెనక ఒకటి, పైన కప్పీ. గూని పిల్లల్ని దానికి వేలాడదీసి, నిటారుగా ఉండగానే ఒంటికి పిండికట్టు కట్టేవారు. తక్కువ బరువుకి పట్టీ చాలు. విరిగిన మెడకి ఎక్కువ బరువు కావాలి. అంత బరువేస్తే గడ్డం కింద చర్మం కుళ్ళుతుంది. నోరు తెరుచుకోదు, అన్నం దిగదు. అప్పుడు ఎముకనే పట్టుకోవాలని ఆలోచన వచ్చింది. పుర్రెకి కన్నాలు పెట్టి తీగ దూర్చారు. తర్వాత ఐసు దిమ్మల్ని మోసే పటకారు లాంటిది చేశారు. దానికీ డ్రిల్లుతో కన్నం పెట్టాలి. లోతు చాలకపోతే జారుతుంది, ఎక్కువైతే మెదడు. నీకు పెట్టినదానికి డ్రిల్లు అక్కర్లేదు. మరలో స్ప్రింగుంది. ఎంత బిగించాలో అదే చెబుతుంది. ఇప్పుడు నాలుగు మరల చక్రం కూడా ఉంది. దాన్ని ఒంటి మీద చొక్కాకి బిగిస్తే మనిషి లేచి నడవొచ్చు."

మేజర్ వెళ్ళాక పక్క మంచం గొంతు అంది. "అంటే తమ్ముడూ, మన బుర్రల కంటే ముందు సేనామంది బుర్రలు పరీచ్చకెల్లినాయన్నమాట. ఆల్లకి ఒక దణ్ణం ఎట్టుకో. మనకి సేతులు ఎత్తనేవు గాబట్టి మనసులోనే ఎట్టుకో."

భిలాయి పక్కన దుర్గ్‌లో రైలెక్కి అమ్మ వచ్చింది. నన్ను చూసిన క్షణం ఆమె మొహం నా పైకప్పులోకి తలకిందులుగా వచ్చింది. ఏడవలేదు. చెవుల పైన మరల్ని చూసింది, తాడుని చూసింది, కళ్ళతోనే బిళ్ళల దాకా వెళ్ళింది. నా పాదాల దగ్గరికి వెళ్ళి వేళ్ళు పట్టుకుంది.

"తెలుస్తందా నాన్నా?"

"తెలుస్తోందమ్మా."

అప్పుడు కూర్చుంది. "గూని మనిషి పాదాల మీద దేవుడు కాలెట్టి, గడ్డం కింద ఏళ్ళెట్టి పైకి లేపినాడంట. గూని పోయిందంట. మా అమ్మ సెప్పేది. ఇదీ అలగే," అంది. ఎవరికి ధైర్యం చెబుతోందో తెలియలేదు. ఆమె వేళ్ళు నా పాదాలు వదల్లేదు.

అమ్మ ఇద్దరికీ చెమ్చాతో జావ పోసేది. మా ఇద్దరి మొహాలూ చూసిన మనిషి మావాళ్ళలో ఆమె ఒక్కతే. "అన్న ఎలా ఉంటాడమ్మా?" అని అడిగాను. "మనిషిలాగే ఉంటాడు. మాటాడకు, పొలమారతాది," అంది.

నాలుగో వారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక. అమ్మ బయట వరండాలో ఉంది. పక్క మంచం అన్న తన ఊరి జాతర గురించి చెబుతున్నాడు. మాట మధ్యలో ఇనుము ఇనుముని గీసిన చప్పుడు. ఆ వెంటనే బిళ్ళలన్నీ నేల మీద పడ్డ మోత. అతని మాట తెగిపోయింది.

"అన్నా!"

నేను తల తిప్పబోయాను. నా మరలు కలుక్కుమన్నాయి. నా తాడు కూడా తెగుతుందని ఆగిపోయాను. పైకప్పు, ఫ్యాను, తేమ మరక. పక్కన ఒక మనిషి చస్తున్నాడో బతుకుతున్నాడో, నాకు కనిపించేది ఆ మరక. గొంతు చించుకుని "సిస్టర్!" అని అరిచాను. అడుగుల పరుగు. నర్సింగ్ ఆఫీసర్ మేడమ్ గొంతు, "ఎవరూ మంచం తాకొద్దు! తల నేను పట్టుకున్నాను. మేజర్ సాబ్‌ని పిలవండి!" తర్వాత గొంతులు తగ్గాయి. కత్తెర చప్పుడు. నీళ్ళ చప్పుడు. మర మళ్ళీ ఎముకని కొరికే చప్పుడు, ఈసారి నా తల బయట నుంచి. అతను అరవలేదు. అరవనందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

సాయంత్రానికి గొంతు వచ్చింది. సన్నగా. "తమ్ముడూ, ఉన్నాను."

మర్నాడు మేజర్ చెప్పాడు. పడుకుని పడుకుని ఎముక పలచబడిందట, మర జారిందట, ఒక్కోసారి అవుతుందట. మెడ ఎముక ఇంకా అతకలేదు, అన్నకి మరికొన్ని వారాలు తాడు తప్పదట. కదల్లేదని మాత్రం ఎక్స్‌రే చెప్పింది. అయినా ఆ తర్వాత అన్న ఎడం కాలి బొటనవేలు సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. అది ముందే లేదో, ఆ మధ్యాహ్నం పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు నుంచి నా తాడు కిర్రుమన్నప్పుడల్లా కళ్ళు మూసుకునేవాణ్ణి. నిద్రపోతే తల కదులుతుందని నిద్రపోయేవాణ్ణి కాదు. అమ్మ ఒక చెయ్యి నా నుదుటి మీద పెట్టి కూర్చునేది.

ఆరు వారాలకి మరలు తీశారు. గట్టి కాలర్ వేశారు. మెడికల్ బోర్డు నన్ను తేలిక పనికి పంపింది, కొన్నేళ్ళకి ఇంటికి పంపింది.

ముందు, ఆ ఏడాదే, సెలవు మీద దుర్గ్ స్టేషన్లో దిగినప్పుడు ఏప్రిల్. ఎండ మొహాన కొట్టింది. నాకు హాయిగా ఉంది. నాన్న డ్యూటీ మార్చుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. నన్ను కావలించుకోడానికి చేతులు చాచి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, నా పెట్టె పట్టుకున్నాడు. సెక్టర్ 7 క్వార్టర్‌కి జనం వచ్చారు. ఎదురింటి పిన్ని, "ఏటమ్మా, మనోడి బుర్రలో మేకులు దిగ్గొట్టినారంట, నిజివేనా?" అని అమ్మని అడిగింది. ఛత్తీస్‌గఢీ పొరుగాయన భయ్యా అంటూ నా చెవుల పైన మచ్చలు వేలితో తడిమి చూశాడు. ఇప్పటికీ మంగలి కత్తెర అక్కడికి వచ్చేసరికి ఆగుతుంది.

ఇప్పుడు మేం భిలాయిలోనే రుఆబాంధాలో ఉంటున్నాం. ఈ మధ్య నా భార్యకి మెడ నొప్పి, చెయ్యి గుంజుడు. స్కాన్ తీశారు. చూసిన డాక్టరు కొన్నాళ్ళు ట్రాక్షన్ అన్నాడు. సెక్టర్ 6లో ఫిజియోథెరపీ గదికి తీసుకెళ్ళాను. గడ్డం కింద మెత్తటి పట్టీ, తల వెనక పట్టీ, పక్కన చిన్న కరెంటు మిషను. కాసేపు లాగుతుంది, కాసేపు వదులుతుంది. మిషను మొదటిసారి లాగినప్పుడు నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. లోపలి నుంచి ఆమె నవ్వుతూ, "ఏటయ్యింది మీకు? హాయిగానే ఉందిక్కడ," అంది.

బయట బెంచీ మీద ఫోన్లు చూసి చూసి మెడ పట్టేసిన కుర్రాళ్ళు, రిటైరైన వాళ్ళు కూర్చుంటారు. వాళ్ళు అడిగారు కాబట్టే ఇది రాస్తున్నాను. తలుపుకి తగిలించుకుని నీళ్ళ సంచి వేలాడదీసే పట్టీ కొనొచ్చా అని ఒకాయన అడిగాడు. నేను వైద్యుణ్ణి కాను. డాక్టరు స్కాన్ చూడకుండా మెడకి తాడు కట్టుకోవద్దని మాత్రం చెప్పాను. చేతిలో చెమ్చా జారుతున్నా, నడకలో కాళ్ళు తడబడుతున్నా అసలే వద్దు. ఈ లాగుడుతో నొప్పి ఎంత తగ్గుతుందన్న విషయంలో డాక్టర్లే ఇంకా ఒకమాట మీద లేరని మా ఫిజియో దీదీ అంటుంది. నా భార్యకి మాత్రం చెయ్యి గుంజుడు తగ్గింది. రాత్రి నిద్రపోతోంది.

వార్డు వదిలిన రోజు సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు. మరలు తీశాక నన్ను మెల్లగా కూర్చోబెట్టారు, నిలబెట్టారు. గది గిర్రున తిరిగింది. కాలర్ వల్ల మెడ తిరగదు. ఒళ్ళంతా తిప్పి, మంచాల మధ్య ఖాళీలోకి అడుగేసి, అతని మొహం మీదికి వంగాను.

మీసం లేదు. ఛాతీ వెడల్పు లేదు. నాకన్నా చిన్నవాడు. బక్కపలచటి మొహం, పైకి పొడుచుకొచ్చిన దవడలు, పెద్ద కళ్ళు. ఆ గొంతు ఈ మనిషిలోంచి ఎలా వచ్చిందో అర్థం కాలేదు. అతను నన్ను చాలాసేపు చూశాడు.

"ఇదేటి... నువ్వు నాకన్నా పెద్దోడివా?" అన్నాడు. "ఇన్నాల్లూ తమ్ముడూ తమ్ముడూ అని పిలిసీసినాను."

"అలాగే పిలవండి అన్నా."

అతను నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ళ కొసల నుంచి నీళ్ళు కిందికి దిగాయి. పడుకున్న మనిషి కన్నీళ్ళు బుగ్గల మీదికి రావు. కణతల మీదుగా, మరల పక్కనుంచి, చెవుల్లోకి పోతాయి. తుడుచుకోడానికి అతని చెయ్యి లేవలేదు. తల తిప్పుకోడానికి మెడ తిరగలేదు. నేను తుడవడానికి ఇంకా కిందికి వంగబోతే నా కాలర్ అడ్డొచ్చింది. చెయ్యి ఒక్కటే చాచి, తడుముకుంటూ, అతని చెవిలో నిండిన నీళ్ళని బొటనవేలితో తీశాను.